రోడ్డు తవ్వితే తెలిసిన లెక్క

ఇండోనేషియా సముద్రం మధ్యలో ఉన్న దేశం. వేల దీవులు కలిసి ఒక దేశం అయ్యాయి. వాటిలో జావా ఒక దీవి. అక్కడా వరి పొలాలున్నాయి. వానొస్తే బురదయ్యే దారులున్నాయి.

ప్రపంచ బ్యాంకు అప్పుతో అక్కడి సర్కారు ఒక పథకం నడిపింది. ఆ డబ్బుతో 2003, 2004 సంవత్సరాల్లో పల్లెల్లో రోడ్లు వేశారు. పని చేయించింది ఊరివాళ్ళే. ఇసుక, రాళ్ళు, కంకర కొన్నారు. కూలీలను పెట్టారు. చివరికి లెక్క రాసి ఇచ్చారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కాగితం మీద ఎవరి లెక్క బాగుండదు గనక!

అమెరికాలో బెంజమిన్ ఓల్కెన్ అనే యువకుడు డాక్టరేటు కోసం చదువుతున్నాడు. ఇది మందులిచ్చే డాక్టరు చదువు కాదు. ఒకే విషయం పట్టుకుని, ఏళ్ళ తరబడి శోధించి, తెలిసింది రాయాలి. ఆయన పట్టుకున్న విషయం ప్రజల సొమ్ము తినడం. అందుకోసం జావాలో 608 పల్లెల రోడ్లను పరీక్ష చేయించాడు.

"డబ్బు తిన్నావా?" అని అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని ఇంజనీర్లు రోడ్డును అక్కడక్కడ తవ్వారు. రాళ్ళు ఎంత, ఇసుక ఎంత అని కొలిచారు. సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ధరలు వాకబు చేశారు. కూలి ఎంత ముట్టిందో ఊళ్ళో అడిగారు.

ఒక చిక్కు వచ్చింది. పనిలో కొంత ఇసుక ఎట్లాగూ పోతుంది. దాన్ని దొంగతనం అనలేం గదా! అందుకని వాళ్ళే చిన్న చిన్న రోడ్లు వేసి చూశారు. మామూలుగా ఎంత పోతుందో తెలుసుకున్నారు. అది తీసేసి లెక్క కట్టారు. రాసిన ప్రతి 100 రూపాయల ఖర్చులో సగటున 24 రూపాయల పని కనిపించలేదు.

కొన్ని ఊళ్ళకు పని మొదలుకాక ముందే ఒక మాట చెప్పారు. "సర్కారు ఆడిటర్లు తప్పక వస్తారు. వాళ్ళు రాసింది ఊరి సభలో చదువుతారు" అన్నారు. మామూలుగా అయితే 100 ఊళ్ళలో 4 ఊళ్ళకే ఆడిటు వచ్చేది. ఈ మాట చెప్పిన ఊళ్ళలో మాయమయ్యే డబ్బు 100కి 8 రూపాయలు తగ్గింది.

మరికొన్ని ఊళ్ళలో లెక్కల సభకు రమ్మని వందల మందికి పిలుపు చీటీలు పంచారు. జనం వచ్చారు. కూలి డబ్బు కాజేయడం తగ్గింది. ఇసుక, రాళ్ళ డబ్బు మాత్రం పోతూనే ఉంది. కూలి ఎవరిదో వాళ్ళు గట్టిగా అడుగుతారు. ఇసుక అందరిదీ. అందరిదాని కోసం ముందు నోరెత్తి మాట పడేదెవరు?

ఆడిటు ఊళ్ళలో ఇంకో సంగతి బయటపడింది. అక్కడ రోడ్డు పనిలో పెద్దల బంధువులు ఎక్కువయ్యారు. డబ్బు తినడం కష్టమైంది. దాంతో అయినవాళ్ళకు పని ఇప్పించుకోవడం పెరిగింది. దీన్ని బంధుప్రీతి అంటారు.

ఈ పరిశోధన 2007లో అచ్చయింది. తవ్వి చూస్తే ఇసుక లెక్క తేలింది. బంధువుల సంగతి అట్లా తేలదు. బావమరిది పనికి వచ్చాడు, మస్టరులో పేరుంది, కూలి తీసుకున్నాడు. కాగితంలో తప్పేమీ లేదు. ఆ పని ఎవరికి అందకుండా పోయిందో ఆ ఇంటివాళ్ళకే తెలుసు.