హిమశిఖరముపై తెలుగు బాలిక

బాలబాలికలారా, మన కొడవలూరు వరిమళ్ళ గట్టుపై నిలిచి నలుదెసల చూచినను చెప్పుకొనదగిన కొండ యొక్కటియు కానరాదు. మంచు అనగా మనకు ధనుర్మాసపు ఉదయమున గడ్డిపై నిలుచు చెమ్మయే. కావుననే మంచుకొండలపై జారుచు పందెములు గెలుచు స్త్రీలను గూర్చి పత్రికలలో చదివి, "అయ్యా, ఇట్టివి మన పిల్లలకు సాధ్యమా?" అని మీలో కొందరు నన్నడిగితిరి. మనాలికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీ దేశమున జరిగిన అట్టి పందెమున కంచు పతకము గెలుచుకొనెను. అయితే ఆమె మంచుకొండల ఒడిలోనే పెరిగినది. మనవలె ఎండనేలపై పుట్టి మంచును జయించిన తెలుగు బాలిక కథను నేడు చెప్పెదను. ఈమె జారి దిగినది కాదు, ఎక్కినది.

పుట్టుక, చదువు

ఆమె పేరు మాలావత్ పూర్ణ. 2000 సంవత్సరము జూన్ 10వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున జన్మించెను. తండ్రి దేవీదాసు, తల్లి లక్ష్మి. ఇరువురును పొలము పనుల కూలివారు. ఆమె తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొనెను. ఆ గురుకులముల కార్యదర్శిగా నుండిన ప్రవీణ్ కుమార్ గారు బీదపిల్లలకును సాహసక్రీడలు నేర్పవలెనని సంకల్పించిరి. భువనగిరి కోట నిలిచిన ఏకశిలపై శేఖర్ బాబు గారు పిల్లలకు త్రాళ్ళు పట్టి ఎక్కుట నేర్పిరి. అందు నేర్పరులైన 20 మందిని డార్జిలింగులోని పర్వతారోహణ విద్యాలయమునకు పంపిరి. అటుపిమ్మట లడాఖు చలిలో శిక్షణ జరిగెను. తుదకు మిగిలినది ఇద్దరే: పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద కుమార్.

కొండపై గాలి

ఎవరెస్టు శిఖరము ఎత్తు సుమారు 8,849 మీటర్లు. వేయి మీటర్లు ఎక్కినకొలది గాలివేడి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గునని మీరు భూగోళములో చదివితిరి. మన ఊర 40 డిగ్రీల ఎండ కాయుచుండగా, ఈ లెక్కచొప్పున అంత ఎత్తున సున్నకు దిగువ 17 డిగ్రీల చలి యుండవలెను. శిఖరమున గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడవవంతు మాత్రమే. నీరు సుమారు 70 డిగ్రీలకే మరగును. ఒక్క ఊపిరిలో మనకు దొరకు ప్రాణవాయువులో మూడవవంతే అక్కడ దొరకును.

ఈ కారణముచేత ఎవరును తిన్నగా శిఖరమునకు పోజాలరు. కొంత ఎక్కి, కొంత దిగి, మరల ఎక్కుచు వారములు గడపవలెను. అప్పుడు నెత్తురులోని ఎఱ్ఱకణములు పెరిగి, దేహము పలుచని గాలికి అలవాటుపడును. తొందరపడినవాని ఊపిరితిత్తులలోనో, మెదడులోనో నీరు చేరి ప్రాణము మీదికి వచ్చును. అక్కడ ఓర్పు కేవలము సుగుణము కాదు, ప్రాణరక్షణ.

ఆరోహణము

16 ఏండ్లు నిండనివారిని నేపాళ ప్రభుత్వము ఎవరెస్టు ఎక్కనీయదు. అందుచే వీరు ఉత్తరమున టిబెట్టు వైపునుండి బయలుదేరిరి. 2014 ఏప్రిల్ 18న నేపాళము వైపున మంచుదిబ్బలు విరిగిపడి 16 మంది కొండపనివారు మరణించిరి. ఈ వార్త తెలిసిన పిమ్మట, వెనుకకు రావచ్చునని పెద్దలు చెప్పినను, పిల్లలిద్దరును ముందుకే పోవుదుమనిరి.

2014 మే 25వ తేదీ ఉదయమున పూర్ణ శిఖరముపై నిలిచి జాతీయ పతాకమును చేబూనెను. ఆనందుడును ఆ దినముననే శిఖరము చేరెను. పూర్ణకప్పుడు 13 సంవత్సరముల 11 నెలలు. అంతవరకు ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే పిన్నది. మన సీమలో రోహిణి ఎండలకు రోళ్ళు పగులు దినములవి. ఎనిమిది దినముల పిదప తెలుగునేల రెండు రాష్ట్రములయ్యెను. ఆమె యాత్ర మాత్రము తెలుగువారందరిది.

ఒక విచారము

పదమూడేండ్ల బిడ్డను అట్టి చోటికి పంపుట తగునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రాణభయము నిజము, పెద్దల కీర్తికొఱకు పిల్లను ముందుకు త్రోయుట పాపము. నేపాళము వయసు హద్దు పెట్టుట ఊరకనే కాదు. నా పిల్లయే అయినచో నేను జంకియుందును. అయినను ఆమెను ఊరకే పంపలేదు. అంచెలంచెలుగా పరీక్షించి, ప్రతి అంచెలోను కొందరిని నిలిపివేసి పంపిరి. శిక్షణ లేని ధైర్యము మొండితనము. శిక్షణగల ధైర్యమును అడ్డగించుటయు దోషమే.

ఈ మాట వ్రాయుటకు నాకొక కారణము కలదు. కొన్ని ఏండ్ల క్రిందట నా తరగతిలోని బాలిక యొకతె పరుగు పందెమున అందరికంటె ముందుండెను. పై పోటీలు పొరుగూర జరుగగా ఇంటివారు పంపమనిరి. నేను ఒక్కమారు అడిగి ఊరకుంటిని. రెండవమారు వారి ఇంటికి పోయి, వెంట ఎవరు వత్తురో, రాత్రి ఎచ్చట నుందురో చెప్పియుండిన ఒప్పుకొనియుందురేమో! ఆ లోపము వారిది కాదు, నాది.

తరువాతి విజయములు

పూర్ణ ఒక్క శిఖరముతో ఆగలేదు. ఆఫ్రికాలోని కిలిమంజారోను 2016లోను, ఐరోపాలోని ఎల్బ్రసును 2017లోను ఎక్కెను. 2019లో దక్షిణ అమెరికాలోని అకోన్కాగువా, న్యూగినీ ద్వీపములోని కార్స్టెన్జ్, అంటార్కిటికాలోని విన్సన్ శిఖరములను చేరెను. 2022 జూన్‌లో అలాస్కాలోని 6,190 మీటర్ల డెనాలిని ఎక్కుటతో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములును పూర్తియయ్యెను. మొదటిదానికిని తుదిదానికిని నడుమ ఎనిమిదేండ్లు గడచెను. బాల్యమున పొందిన పేరు చాలునని కూర్చుండనందుననే ఆమెను నిజమైన విజేత యందుము.

తలిదండ్రులారా, మన పిల్లలందరును కొండలెక్కనక్కరలేదు. కాని మీ కుమార్తె ఆటలకో, పై చదువునకో పోయెదనని అడిగినప్పుడు, కాదనుటకు ముందు ఆమె ఎంత సిద్ధపడినదో విచారింపుడు. ఉపాధ్యాయులమైన మేము రెండవమారు మీ వాకిట నిలుతుము.

విద్యార్థులకు ప్రశ్నలు

1. కొండ ఎక్కువారు కొంత ఎక్కి మరల ఏల దిగుదురు?
2. మన ఊర 30 డిగ్రీల వేడియున్నప్పుడు, పై లెక్కచొప్పున డెనాలి శిఖరమంత ఎత్తున ఎంత యుండవలెను?
3. ధైర్యమునకును మొండితనమునకును గల భేదమును మీ అనుభవమునుండి ఒక ఉదాహరణతో వ్రాయుడు.