గట్టులో బొరియలు: ఎవరి అనుమతి పొందవలెను?

1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లు తెగి ఊళ్లు మునిగిన సంగతి పెద్దలెరుగుదురు. ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియ గుండా నీరు పారిన, మట్టి కొట్టుకొనిపోయి గట్టు తెగును.

ముందు జంతువును గుర్తించుడు. బొరియ వద్ద తాజా మట్టికుప్ప ఉన్న అది పందికొక్కు కావచ్చును. పొలాల ఎలుకలకు, పందికొక్కులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ లేదు. కాని గట్టు ప్రభుత్వానిది. జలవనరుల శాఖ అనుమతి లేనిదే తవ్వరాదు.

పెంటలో చేపముళ్లు, పొలుసులు కన్పించిన అది నీటికుక్క కావచ్చును. ఇది చట్టములోని మొదటి షెడ్యూలు జంతువు. పంటనష్టము చూపి దీనిని చంప వీలులేదు. వెంటనే అటవీ అధికారికి తెలుపుడు.

నీరు ఊరుచున్నచో ఇట్లు చేయవలెను:

1. లస్కరుకు, ఇంజనీరుకు, గ్రామ రెవెన్యూ అధికారికి తక్షణమే కబురు పంపుడు.

2. గట్టు పేరు, కిలోమీటరు రాయి, బొరియల సంఖ్య, నీరు తేటయో బురదయో వ్రాసి అర్జీ ఇండు. బురదనీరు అధిక ప్రమాదసూచన.

3. నీరు వెలువడు చోటును మూయకూడదు. ఇంజనీరు చెప్పినట్లు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి నీటిమట్టము పెంచిన ఊట వేగము తగ్గును.

4. కాలువనీటి చెంత విషపు ఎర వేయక, బుట్టలతో పట్టించుడు.

వేసవిలో కాలువలు కట్టినపుడే గట్లు పరీక్షించి, బొరియలను అనుమతితో తవ్వించి, బంకమట్టిని పొరలుగా దిమ్మిస చేయించిన వరదనాడు నిశ్చింతగా నుండవచ్చును.