స్టీరింగు చక్రం మీద బటన్లు – లోపలి కథ

(తృతీయ సంవత్సరం బి.యస్సి., ఎం.పి.సి. విద్యార్థి)

పోయిన వేసవిలో మా మామయ్య తన డబుల్ కేబిన్ పికప్‌లో మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోతుంటే దారిలో హారన్ మూగబోయింది. చక్రం మీది రేడియో బటన్లూ పనిచేయలేదు. ఎదురుగా ఒక ఎర్రదీపం, మనిషి ముందు బుడగ ఉన్న బొమ్మ, వెలిగి ఇక ఆరలేదు. ఊళ్ళో మెకానిక్కు డాష్‌బోర్డు మీద విడిగా ఒక హారన్ స్విచ్చి బిగించి, దీపం మీద నల్లటేపు ముక్క అంటించాడు. "బండి నడుస్తోందిగా అల్లుడూ, ఇంకేం కావాలి?" అన్నాడు మామయ్య. ఆ టేపు ముక్కే ఈ వ్యాసానికి మూలం.

ముందుగా ఒక ప్రశ్న. చక్రం తిరుగుతుంది, దాని కింది తొడుగు తిరగదు. తిరిగే బటనుకూ తిరగని బండికీ మధ్య వైరు మెలిపడి తెగకుండా ఎలా ఉంటుంది? పాత బండ్లలో హారన్ కోసం ఒక లోహపు వలయం, దాన్ని ఒరుసుకునే బ్రష్షు ఉండేవి. మనం పాఠంలో చదువుకున్న స్లిప్ రింగు అన్నమాట. హారన్ క్షణంపాటు తడబడితే కొంపేమీ మునగదు. ఎయిర్ బ్యాగు తడబడితే మాత్రం మనిషే దక్కకపోవచ్చు. అందుకని దానికి తెంపులేని దారి కావాలి. అదే 'క్లాక్ స్ప్రింగు'. పలుచని ప్లాస్టిక్ పట్టీలో రాగి తీగలు పొదిగి, గుండ్రటి డబ్బాలో గడియారం స్ప్రింగులా చుట్టి పెడతారు. చక్రం ఒక పక్కకు తిప్పితే చుట్ట బిగుస్తుంది, రెండో పక్కకు తిప్పితే వదులవుతుంది.

ఐతే దానికీ ఒక హద్దుంది. మధ్యస్థానం నుంచి ఇటు కొన్ని చుట్లు, అటు కొన్ని చుట్లు, అంతే. స్టీరింగు విప్పి బిగించేటప్పుడు మధ్యగుర్తు చూసుకోకపోతే, ఏదో ఒకనాడు బండి పూర్తిగా మలపగానే పట్టీ పుటుక్కున తెగుతుంది. మా బండికి కొన్నాళ్ళ ముందు స్టీరింగు విప్పారని తర్వాత తెలిసింది! హారన్, రేడియో, ఎయిర్ బ్యాగు మూడూ ఒకేసారి విడివిడిగా చెడ్డాయనుకోవడం కంటే, మూడింటికీ ఉన్న ఉమ్మడి దారి తెగిందనుకోవడమే సబబు కదా.

ఇక బటన్ల సంగతి. ఆరు బటన్లకు ఆరు వైర్లు ఉంటాయనుకునేవాణ్ణి. చాలా బండ్లలో రెండే వైర్లు. కిటుకు అంతా ఓమ్ నియమంలో ఉంది. ఒక్కో బటను వెనుక ఒక్కో విలువ గల రెసిస్టరు ఉంటుంది. మన లాబొరేటరీలో ఎవరైనా చేసి చూడవచ్చు: 5 వోల్టుల సప్లయికి 1000 ఓముల రెసిస్టరు కలిపి, దాని తర్వాత బటన్ల ద్వారా 330, 1000, 3000 ఓములు మార్చి మార్చి పెట్టండి. బటను దగ్గర వోల్టేజి వరుసగా 1.24, 2.5, 3.75 వస్తుంది. కంప్యూటరు ఆ వోల్టేజిని చదివి, ఏ బటను నొక్కామో పోల్చుకుంటుంది. బటను చేసేది ఆ విన్నపం మాత్రమే, పని చేయించేది కంప్యూటరు. బటను సందులో దుమ్ము చేరి 670 ఓములు అదనంగా కలిశాయనుకోండి. 330 కాస్తా 1000 అవుతుంది. మనం సౌండు పెంచమంటే అది పాట మారుస్తుంది. దయ్యమేమీ పట్టలేదు, దుమ్ము పట్టింది. కొత్త బండ్లలో రెసిస్టర్లకు బదులు అంకెల సంకేతాలు పంపుతున్నారు. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన 'కాన్' పద్ధతి ఆ కోవలోదే.

చక్రం వెనుక రెండు రెక్కల్లా ఉండే గేరు మీటలను 'పాడిల్ షిఫ్టర్లు' అంటారు. కుడిది లాగితే పై గేరు, ఎడమది లాగితే కింది గేరు. 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో ఫెరారీ ఈ ఏర్పాటుతో ఉన్న కారును మొదటిసారి పందెంలో దించింది. నైజెల్ మాన్సెల్ గెలిచాడు కూడా. తర్వాత ఇవి ఆటోమాటిక్ గేర్ల పికప్‌లకూ వచ్చాయి. ఫోర్డ్ వారి రేంజర్ రాప్టర్‌కు ఉన్నాయి. మన పల్లెల్లో బరువులు మోసే పికప్‌లకు మామూలు గేరు రాడ్డే. పందెం కారు సోకు పికప్‌కు ఎందుకని నేనూ నవ్వుకున్నాను. ఘాటు రోడ్డు తలుచుకున్నాక నవ్వడం మానేశాను.

లెక్క చూడండి. బరువుతో కలిపి 3000 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 3000 × 9.8 × 500, అంటే 1 కోటి 47 లక్షల జౌళ్ళు. 30 డిగ్రీల దగ్గరున్న 50 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి అది చాలు. గాలి, టైర్లు కొంత తీసుకున్నా, మిగతాదంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాలి పట్టు వదులుతాయి. కింది గేరులో ఉంటే ఇంజను లోపలి రాపిడి ఆ భారం కొంత పంచుకుంటుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఇందుకే. దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో మలుపు తర్వాత మలుపు వస్తుంటే, చక్రం మీంచి చేయి తీయకుండా కింది గేరు అడగగలగడం చిన్న సౌకర్యం కాదు. అయితే ఇదీ విన్నపమే. గేరు తగ్గిస్తే ఇంజను హద్దు మీరి తిరుగుతుందనుకుంటే కంప్యూటరు ఒప్పుకోదు.

ఒక హెచ్చరిక. ఉత్సాహం కొద్దీ ఎవరూ ఇంట్లో స్టీరింగు విప్పవద్దు. ఎయిర్ బ్యాగులో ఉన్నది మందుగుండు. మామూలు మల్టీమీటరు దాని వైర్లకు ఆనించినా పేలే ప్రమాదం ఉంది. తెలిసిన మెకానిక్కు సైతం బ్యాటరీ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి గాని చేయి పెట్టడు.

మామయ్యను ఒప్పించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. చివరికి "ఢీకొంటే ఈ బుడగ తెరుచుకోదు మామయ్యా, పక్క సీట్లో కూర్చునేది అత్తయ్య" అంటే కదిలాడు. కొత్త క్లాక్ స్ప్రింగు వేయించాం. టేపు పీకేశాం. ఇప్పుడు తాళం తిప్పగానే దీపం కాసేపు వెలిగి ఆరిపోతోంది. అలా వెలిగి ఆరాలి, అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. డాష్‌బోర్డు మీది స్విచ్చి మాత్రం అలాగే ఉంది. గేదె అడ్డం వస్తే మామయ్య చేయి ఇంకా దాని మీదికే పోతుంది.