ఎడారి నేర్పిన పుష్పాలంకరణము

థార్ ఎడారిలో పూలతోటలు అరుదు. అయినను చలికాలము తొలగునప్పుడు అచటి రోహిడా చెట్టు పసుపు, నారింజ, ఎరుపు రంగుల పూలతో ఇసుక నడుమ జ్వాలవలె వెలుగును. 1983లో రాజస్థాన్ దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించెను.

ఆ దృశ్యమును ఇంట నిలుపగోరువారు వెడల్పైన మట్టిపళ్లెములో తడియిసుక పరచి, ఒక ప్రక్కన ఎండుకొమ్మను నిలిపి, దాని మొదట మూడే ఎఱ్ఱని పూలు గ్రుచ్చవలెను. తక్కిన చోటు ఖాళీగా విడువవలెను. ఆ శూన్యమే పూలరంగునకు బలము.

కొమ్మ మాత్రము తానై రాలినదే కావలెను. ఆ సీమయందలి ఖేజడ్లీ గ్రామమున, మనము జమ్మి యనెడి ఖేజడీ చెట్లను కాపాడుటకై 1730లో అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణములర్పించిరి. పచ్చని చెట్టును గాయపరచి తెచ్చిన అందము ఆ నేలకు తగదు.