తొమ్మిదో ఎక్కంలో దొరికిన తేడా

రాయ్‌పూర్,
ఆదివారం

చిన్నా,

మొన్న రాత్రి ఫోన్లో అరగంట మాట్లాడావు. సిగ్నల్ సరిగ్గా లేక సగం వినపడలేదు గానీ, ఒక మాట మాత్రం మూడుసార్లు స్పష్టంగా వినపడింది. ‘ఆ డైవర్సిటీ అమ్మాయి’. మీ టీములోకి కొత్తగా వచ్చినామెను ఆడపిల్లల కోసమే పెట్టిన ఇంటర్వ్యూల్లో తీసుకున్నారనీ, నీతో చదివిన కుర్రాడు, మార్కుల్లో మీ అందరికంటే ముందున్నవాడు, బయటే ఉండిపోయాడనీ నీ బాధ. నేనేమీ బదులు చెప్పలేదు. నలభై ఏళ్ల కిందట నేనూ అచ్చం ఇదే గొంతుతో మాట్లాడాను. అది గుర్తొచ్చి నోరు పెగల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ స్నేహితుడి సంగతి. అతనిది నిజమైన బాధ. ఒక కుర్చీలో ఒకరే కూర్చుంటారు. ఒకరికోసం తలుపు తీసినప్పుడు ఇంకొకరు గుమ్మంలో ఆగాల్సి వస్తుంది, అందులో దాచడానికేమీ లేదు. లెక్క చూపించడానికి మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టడం కూడా లోకంలో ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలన్నప్పుడు కొందరు ప్రమోటర్లు తమ ఇంటి ఆడవాళ్లనే తెచ్చి కూర్చోబెట్టారు. తర్వాత సెబీ కలగజేసుకుని ఆమె స్వతంత్ర డైరెక్టరే అయి ఉండాలంది. 2019 ఏప్రిల్ నాటికి మొదటి 500 లిస్టెడ్ కంపెనీలకు, మరుసటి ఏడు 1000 కంపెనీలకు ఆ నిబంధన వచ్చింది. అక్కడ పాడైంది ఎంపిక చేసినవాళ్ల బుద్ధి. ఆడవాళ్ల అర్హత కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం మనకు అలవాటైపోయింది.

ఇక నా సంగతి. నేను బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరింది 1981లో. 1969 జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశాక రిజర్వేషన్లు బ్యాంకు ఉద్యోగాల్లోకీ వచ్చాయి. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. నలభై పాయింట్ల రోస్టరు రిజిస్టరు ఉండేది. నలభై ఉద్యోగాల్లో ఆరు ఎస్సీలవి, మూడు ఎస్టీలవి. ఎవరు ఏ పాయింటు మీద వచ్చారో స్టాఫ్ అందరికీ తెలిసేది. నన్ను బస్తర్ జిల్లాలో ఒక శాఖకు వేశారు. అప్పుడు ఇదంతా మధ్యప్రదేశ్. నాతోపాటే ప్రొబేషన్‌లో ఉన్న ఇంకొకతను కాంకేర్ వైపు గోండు కుర్రాడు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. రాతపరీక్షలో నాకు అతనికంటే చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఎంత ఎక్కువో నాకు నోటికి వచ్చు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి.

ఒకరోజు అతను ఒక చెక్కును వేరే ఖాతాలో జమ చేశాడు. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఇద్దరు మనుషులు. సాయంత్రానికే పట్టుకుని సరిచేశారు. పైసా పోలేదు. కానీ ఆ కథ ఏడాదిపాటు నడిచింది. కొత్త మేనేజరు వచ్చినా, ఇన్‌స్పెక్షన్‌కి పైనుంచి ఆఫీసర్లు వచ్చినా, టీ తాగుతూ ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. చివర్లో ఒకటే ముక్తాయింపు, కోటావాళ్లతో ఇంతే అని. నేనూ నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు సేవింగ్స్ లెడ్జర్ల బ్యాలెన్సింగ్‌లో 2,700 రూపాయల తేడా వచ్చింది. కంప్యూటర్లు లేని రోజులు. తేడా వచ్చిందంటే లెడ్జర్లన్నీ బల్లమీద పరిచి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కులు కొట్టుకుంటూ రావాలి. రాత్రి తొమ్మిదైంది. కరెంటు పోయింది, పెట్రోమాక్స్ వెలిగించారు. అందరి చూపూ అతని మీదే ఉంది. ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా. అతను మాత్రం తలెత్తకుండా రఫ్ కాగితం మీద ఏదో వేసుకుని, తేడా తొమ్మిదో ఎక్కంలో పోతోంది, ఎవరో అంకెలు అటూ ఇటూ మార్చి రాసుంటారు, అన్నాడు. రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందన్న సంగతి అక్కౌంట్స్‌లో పాతబడ్డ ప్రతివాడికీ తెలుసు. ఆ రాత్రి మాలో ఎవరికీ తట్టలేదు. మరో ఇరవై నిమిషాల్లో దొరికింది. 6,300 బదులు 3,600. దస్తూరీ నాది.

మేనేజరు నా భుజం తట్టి, పని ఎక్కువైపోయింది పాపం, ఇంటికెళ్లి పడుకో, అన్నారు. మర్నాటికి అందరూ మర్చిపోయారు. నా తప్పు ఒక్క రాత్రి బతికింది. అతని తప్పు ఏడాది బతికింది. నా తప్పు నాది, అతని తప్పు అతని వర్గానిది అయింది. ఇదే నేను నీకు చెప్పాలనుకున్న లెక్క.

అసలు నష్టం అక్కడితో ఆగలేదు, చిన్నా. ప్రొబేషన్ అయ్యాక నాకు అడ్వాన్సులు, అంటే అప్పులిచ్చే బల్ల, ఇచ్చారు. రైస్ మిల్లుల లిమిట్లు, ట్రాక్టరు లోన్లు, స్టాక్ స్టేట్‌మెంట్లు, గోడౌన్ తనిఖీలు. అతనికి ఖాతాలు తెరిచే బల్ల, స్టేషనరీ, డిస్పాచ్. ఏదైనా తేడా వస్తే మనకెందుకు తలనొప్పి అన్నది మేనేజరు లెక్క. మూడేళ్లు గడిచాయి. ప్రమోషన్ ఇంటర్వ్యూలో మా ఇద్దరినీ అడిగింది వర్కింగ్ క్యాపిటల్ అంచనా గురించే. నేను మిల్లుల పేర్లతో సహా చెప్పుకొచ్చాను. అతను పుస్తకంలో ఉన్నది చెప్పాడు. బయటికొచ్చాక నేను మా ఆవిడతో ఏమన్నానో తెలుసా? చూశావా, మెరిట్ అంటే ఇదే, అన్నాను. పని ఇవ్వకుండా ఆపి, పని రాదని తేల్చారు. ఆ తేల్చిన వరసలో నేనూ నిలబడ్డాను.

మన భిలాయిలో చిన్నతనం గడిపిన అరుంధతీ భట్టాచార్య గురించి నీకు తెలుసు. చదివింది ఇంగ్లీషు సాహిత్యం. 1977లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి, 2013లో ఆ బ్యాంకుకు మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆమె తెలివిని నేను తక్కువ చేయడం లేదు. కానీ మధ్యలో ఆ ముప్పై ఆరేళ్లూ చూడు. విదేశీ మారకం, ట్రెజరీ, న్యూయార్క్ ఆఫీసు, ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్. కష్టమైన బల్లలన్నీ చేతికొచ్చాయి. ఆమెను ఆ మొదటి శాఖలోనే డిస్పాచ్‌లో కూర్చోబెట్టి ఉంటే ఇవాళ ఆ పేరు మనకెవరికీ తెలిసేది కాదు.

‘కోటా’ అన్న ముద్ర ఎలా పనిచేస్తుందో చదువుకున్నవాళ్లు కొలిచి చూశారు. అమెరికాలో మాడెలిన్ హైల్మన్, ఆమె సహచరులు 1992లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రత్యేక నియామకాల కింద వచ్చినట్టు తెలిస్తే చాలు, ఆ మనిషి సామర్థ్యాన్ని జనం తక్కువగా అంచనా వేస్తున్నారు. కాబట్టి ఫలానా ప్రోగ్రామ్ కింద వచ్చిన అమ్మాయి అని ఆఫీసంతా తెలిసేలా చేసే కంపెనీ ఆమెకు మేలు చేయడం లేదనే నేనూ అంటాను. తలుపు తీయండి, నుదుట మాత్రం రాయకండి.

పని చెడిపోతుందన్న భయం సంగతి కూడా చెబుతాను. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలుమార్గం పూర్తయింది. మీ ముత్తాత ఆ లైను మీదే ఇక్కడికొచ్చాడు. మన ఇంట్లో మూడు తరాలు రైల్వే జీతం తిన్నవాళ్లమే. ఆ రైల్వేలోనే 1980 నుంచి 2002 దాకా లెక్కలు తీసి అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగినందువల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాల్లోనైతే కొంత మేలు జరిగిన జాడలే కనిపించాయి. అది చదివినప్పుడు నాకు మా పెట్రోమాక్స్ వెలుగు గుర్తొచ్చింది.

ఇక నీకు కష్టమనిపించే మాట. చెప్పకపోతే ఈ ఉత్తరం రాయడం దండగ.

సర్కారు బ్యాంకుల్లో ఏ వర్గానికి ఎంత కటాఫో అచ్చు వేసి చూపిస్తారు. అందుకే రిజర్వేషన్ మీద వచ్చినవాడు ఎప్పటికీ అందరికీ కనపడుతూనే ఉంటాడు. మీ ప్రైవేటు ఫైనాన్స్‌లో కటాఫ్ ఎక్కడుంది? రెండేళ్ల కిందట మే నెలలో నీ ఇంటర్న్‌షిప్ కోసం ముంబయిలో నా పాత సహోద్యోగికి నేను ఫోన్ చేశాను. అతను ఇంకెవరికో చేశాడు. నీ రెజ్యూమె ఆ బల్ల మీదికి వెళ్లింది. ఇంటర్వ్యూలో మాట్లాడింది నువ్వే, రాత్రిళ్లు కూర్చుని ఎక్సెల్ నేర్చుకున్నదీ నువ్వే. కాదనను. కానీ ఆ రెండు నెలలూ ముంబయిలో ఉండటానికి మీ నాన్న డబ్బు పంపాడు. నేను చేసిన ఫోన్‌ను ఏ జాబితాలోనూ వేయలేదు, దానికో పేరూ పెట్టలేదు. నువ్వు ఆ ఫోన్ మీద వచ్చావని మీ టీములో ఎవరూ మూడుసార్లు అనలేదు.

ఫోన్ చేసేవాళ్లు లేని ఇళ్ల పిల్లల దరఖాస్తులు ఏమవుతాయో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో చూపించారు. పేపర్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపారు. దళితుల, ముస్లింల పేర్లతో వెళ్లినవాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. అర్హతలన్నీ సమానమే, తేడా పేరొక్కటే. ఆ తేడా ఏ ఎక్కంలోనూ పోదు.

నువ్వు చెడ్డవాడివని నేననుకోవడం లేదు. రోజుకు పద్నాలుగు గంటలు పనిచేసి, బోనస్ కోసం పక్కవాడితో పోటీపడే చోట ఇలాంటి మాటలు గాలిలోంచే వస్తాయి. నాకూ అలాగే వచ్చాయి. నీ స్నేహితుడి కోసం ఏమైనా చేయాలనుంటే, ఎంపిక దేని మీద చేశారో బయటపెట్టమని మీ హెచ్‌ఆర్‌ను అడుగు. అందరికీ కలిపి అడుగు, రిఫరల్ మీద వచ్చినవాళ్లతో సహా.

నాకు మాత్రం ఒకటి తెలుసుకుని రాయి. రేపు మీ టీముకు కొత్త డీల్ వస్తే వాల్యుయేషన్ మోడల్ ఎవరి చేతికిస్తారు? స్లైడ్ల అలైన్‌మెంట్ సరిచేసే పని ఎవరికి పడుతుంది? ఆ అమ్మాయి అర్థం కాని విషయాన్ని ధైర్యంగా అడగగలుగుతోందా, లేక అడిగితే ఏమనుకుంటారోనని రాత్రి ఒక్కతే కూర్చుని వెతుక్కుంటోందా? మా కాంకేర్ కుర్రాడు ఆ మూడేళ్లలో నన్ను ఒక్క సందేహమూ అడగలేదు. అప్పట్లో దాన్ని నేను పొగరనుకున్నాను. అతన్ని మేమెవరం పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. ‘బస్తర్‌వాలా’ అనేవాళ్లం. పిలిస్తే పలికేవాడు.

ఆ అమ్మాయి పేరు ఏమిటో ఫోన్లో నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు. జవాబులో రాయి.

పెదనాన్న