641 దగ్గరికి దారి

చిరంజీవి అమ్మలుకి,


4294967297ని కంప్యూటర్‌కి ఇస్తే రెప్పపాటులో 641 × 6700417 అని చెప్పేసిందనీ, ఇంక చేతిలెక్క ఎందుకనీ అడిగావు. ఎందుకో చెబుతాను, కాగితం కలం దగ్గర పెట్టుకో.

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు ఆ సంఖ్య 2³² + 1. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలుపు. 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. వరస పొడుగునా ఇంతేనని 1640 ప్రాంతంలో ఫెర్మా నమ్మాడు. నిరూపణ దొరకలేదు, నమ్మకం మాత్రం పోలేదు. ఆ తరవాతిదే నీ సంఖ్య. 1732లో ఆయిలర్ దాన్ని విడగొట్టేశాడు. ఇప్పటిదాకా ఆ వరసలో ఆరో ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. నాలుగైదు ఉదాహరణలు కుదరగానే లెక్క అయిపోయిందనుకునే తొందర నీకుంది తల్లీ. ఫెర్మా అంతటివాణ్ణే అది ముంచింది.

(17 దగ్గర ఒక్క క్షణం ఆగు. పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని 1796లో గౌస్ తేల్చాడు. అప్పటికి అతను నీ ఈడువాడే, పంతొమ్మిదేళ్లు నిండలేదు.)

ఇప్పుడు 641 సంగతి. నీ సంఖ్య వర్గమూలం 65536కి కాస్త పైన ఉంటుంది. అంతలోపు ప్రధాన సంఖ్యలు 6542. వాటన్నిటితో భాగిస్తూ కూర్చోనక్కర్లేదు. ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకమున్నా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలర్ చూపించాడు. ఆ షరతుకు నిలిచేవి వరసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే శేషం సున్నా! 1878లో లూకా ఆ 64ని 128 చేశాడు. ఇక 641 లోపు మిగిలేది 257 ఒక్కటే.

అసలు భాగహారమే లేని దారి ఇంకొకటుంది, నాకు ప్రాణం అది. 641ని 5 × 2⁷ + 1 అని రాయి. 5⁴ + 2⁴ అని కూడా రాయి. మొదటి రూపాన్ని బట్టి, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ బదులు −1 వాడుకోవచ్చు. రెంటికీ నాలుగో ఘాతం వెయ్యి: 5⁴ × 2²⁸ బదులు 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టు. −2³² బదులు 1 అని తేలింది కదా, అంటే 2³² + 1లో 641 నిశ్శేషంగా పోతుంది. కోట్ల అంకెల జోలికే పోలేదు చూడు. సంఖ్యకు ఒక ఆకారం ఉంటుంది. దాన్ని చూడ్డం అలవాటు చేసుకో. యంత్రానికి ఇవ్వడం ఆ తరవాత.

వరసలో నీ సంఖ్య తరవాత వచ్చే 2⁶⁴ + 1కి 274177 కారణాంకమని 1880లో లాండ్రీ ప్రకటించాడు. అందులోంచి 1 తీసేసి 256తో భాగించి చూడు. ఆ 256 ఎందుకొచ్చిందో నిరూపించి నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న