బ్యాకప్ సాఫ్ట్‌వేర్: వెలయును, పనితనమును

కంప్యూటరులో దాచుకొనిన వ్రాతలు పోకుండుటకు ఏ సాఫ్ట్‌వేర్ కొనవలయును, దాని వెల యెంత యని పై తరగతుల విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న మంచిదే. కాని వెల యను మాటను వారు మిక్కిలి సంకుచితముగా గ్రహించుచున్నారు. దుకాణమున చెల్లించు సొమ్ము వెలలో నొక భాగము మాత్రమే. పాత ప్రతులు డిస్కునందు ఆక్రమించు చోటును, పోయిన ఫైలును తిరిగి తెచ్చుకొనుటకు పట్టు కాలమును గూడ వెలలోనివే. ఈ మూడింటిని గలిపి చూడనిచో చౌక యేదియో ప్రియమేదియో తెలియదు.

మొదట నకలునకును కూర్పునకును గల భేదము తెలిసికొనవలెను. ఒక విద్యార్థి తన ప్రాజెక్టు వ్యాసమును ప్రతిదినము సాయంకాలము పెన్‌డ్రైవులోనికి నకలు చేయుచున్నాడనుకొందము. మంగళవారమున పొరపాటున నాలుగు పుటలు చెరిపి, ఆ సంగతి యెఱుగక ఫైలును భద్రపఱచెను. సాయంకాలము అలవాటు చొప్పున నకలు చేసెను. అంతట పెన్‌డ్రైవులోని మంచి ప్రతి తొలగి, దాని స్థానమున చెడిన ప్రతి వచ్చి కూర్చున్నది. నకలు చేయు యంత్రమునకు మంచిచెడుల వివక్ష లేదు. తప్పును గూడ పొల్లుపోకుండ నెత్తి వ్రాయును. తాటాకు గ్రంథమును క్రొత్త ఆకులపై నెత్తి వ్రాయించినవాడు, రెంటిని సరిచూచుకొనకుండ పాత ఆకులను పొయ్యిలో వేసినచో ఎట్టి తెలివిగలవాడో ఇతడును అట్టివాడే. సోమవారపు ప్రతి సోమవారపుదిగను, మంగళవారపు ప్రతి మంగళవారపుదిగను వేఱువేఱుగా నిలువవలెను. అట్లు కాలక్రమమున నిలిచిన ప్రతులనే కూర్పులందుము.

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1977లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు ప్రకటించిన వీ.ఎం.ఎస్. అను వ్యవస్థయందు ఫైలును భద్రపఱచిన ప్రతిసారియు, పేరు చివర నొక అంకె చేరి, 1, 2, 3 అని క్రొత్త కూర్పు పుట్టుచుండెను. పాతది చెడదు. అయితే ఒక్కొక్క కూర్పును సంపూర్ణమైన ఫైలే కాన డిస్కు త్వరలో నిండెడిది. అందుచేత పాతవానిని ఊడ్చివేయుటకు పర్జ్ అను ఆజ్ఞ నొకదానిని గూడ వారు కల్పింపవలసి వచ్చెను. అంతకు పూర్వమే, 1972లో, బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అను నాయన వేఱొక త్రోవ త్రొక్కెను. ఆయన నిర్మించిన ఎస్.సీ.సీ.ఎస్. పూర్తి ప్రతులను గాక మార్పులను మాత్రమే దాచును. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయమునందలి వాల్టర్ టికీ దీనిని మఱికొంత మెఱుగుపఱచెను. తన ఆర్.సీ.ఎస్. లో కడపటి కూర్పును సంపూర్ణముగా నుంచి, పాతవానిని చేరుటకు వెనుకకు నడచు మార్పులను దాచెను. జనులు తఱచుగా కోరునది క్రొత్త కూర్పు, అది చేతికందునట్లుండవలెను, పాతదానిని కోరువాడు కొంత నిరీక్షించినను బాధ లేదు. ఇంత చిన్న వివేకము ఎంత కాలమును మిగిల్చెనో చూడుడు.

చోటును గూర్చిన లెక్క నిచ్చట చేసి చూపుదుము. ఒక కార్యాలయమున 40 గిగాబైట్ల ఫైళ్లు కలవు. దినమున కొక పూర్తి నకలు చొప్పున 30 దినములు దాచినచో 1,200 గిగాబైట్లు కావలెను. దినమునకు మారునది 400 మెగాబైట్లే యైనచో, మొదటి దినము 40 గిగాబైట్లు, తక్కిన 29 దినములకు 11.6, వెరసి 51.6 గిగాబైట్లు చాలును. ఇరువది మూడు రెట్ల భేదము! ఈ రెండవ పద్ధతి తెలిసిన ఉచిత సాఫ్ట్‌వేర్, దానిని తెలియని వెలగల సాఫ్ట్‌వేర్ కంటె చౌక యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మార్పు నెట్లు కనిపెట్టుదురను సందేహము కలుగవచ్చును. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనువారు ఆర్‌సింక్ అను సాధనమును వెలువరించిరి. అది ఫైలును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమునకు ఒక సంకేత సంఖ్యను గణించును. రెండు చోట్లను సంఖ్య సరిపోయిన ఖండమును పంపదు. సరిపోని దానిని మాత్రమే పంపును. ఒక గొప్ప చిక్కు గలదు. సంపీడనము చేసిన ఫైలునందు మొదటి పుటలో నొక్క అక్షరము మార్చినను, అచ్చటినుండి కడవఱకు దాదాపు సమస్తమును మాఱిపోవును; ఆర్‌సింక్ నేర్పు వ్యర్థమగును. ఫోటోలు అట్లుగావు, అవి యొకసారి తీసిన పిమ్మట మాఱవు గనుక మొదటి నకలునకే వ్యయము.

మార్పులను మాత్రమే దాచినను, గంటగంటకు దాచినచో సంవత్సరమునకు 8,760 కూర్పులగును. ఆపిల్ వారు 2007లో తెచ్చిన టైమ్ మెషీన్ దీనికి చక్కని యుపాయము చూపెను. గడచిన 24 గంటలలో గంటకొకటి, గడచిన మాసమున దినమునకొకటి, అంతకు మునుపటి కాలమున వారమునకొకటి చొప్పున మాత్రమే నిలుపును. ఒక సంవత్సరమునకు సుమారు నూఱు కూర్పులతో సరిపోవును. డిస్కు నిండినచో అన్నిటికంటె పాతది మొదట పోవును. మనుష్యుని జ్ఞాపకమును ఇట్లే కదా పనిచేయునది! 2012 నాటి విండోస్ 8 తో వచ్చిన ఫైల్ హిస్టరీయును గంటకొకమారు మార్పులను దాచును. ఈ రెండింటికిని వేఱుగ వెల లేదు. డిస్కు నొకదానిని కొనినచో చాలును. ఇంటికిని చిన్న బడికిని ఇంతకు మించినది కొనవలదనియే మా యభిప్రాయము.

ఇంటర్నెట్టు ద్వారా దూరమున దాచు సేవలకు చందా కట్టవలెను. ఆ చందా స్థిరముగా నుండునని నమ్మరాదు. బ్యాక్‌బ్లేజ్ అను సేవ 2008లో నెలకు 5 డాలర్లకు మొదలయ్యెను. 2019లో 6, 2021లో 7, 2023లో 9 డాలర్లాయెను. క్రాష్‌ప్లాన్ వారు గృహస్థుల సేవను మూసివేయుదుమని 2017లో ప్రకటించి, మరుసటి యేట మూసివేసిరి. చందాదారులు తమ సామగ్రిని వేఱుచోటికి మోసికొనిపోవలసి వచ్చెను. ఉచితమైనవాని సంగతి మఱియొకటి. గూగుల్ డ్రైవ్ 15 గిగాబైట్లు ఉచితముగా నిచ్చును గాని, మన మెక్కించిన ఫైళ్ల పాత కూర్పులను సాధారణముగా 30 దినములు మాత్రమే నిలుపును. సెప్టెంబరులో చెడిన మార్కుల పట్టికను మార్చిలో తెఱచి చూచినవాని గతి యేమి? పదవ తరగతి బాలుని యంతర్గత మార్కులు అందే యున్నవి. చెడినది ఎన్నడు తెలియునో, కూర్పులు అంతవఱకు బ్రతికియుండవలెను. వెలపట్టికలో మొదట చూడవలసినది ఈ దినముల సంఖ్యయే.

ఇక కాలము. ఇంటర్నెట్టు వేగమును మెగాబిట్లతోను, డిస్కు వేగమును మెగాబైట్లతోను చెప్పుదురు. బైటునకు ఎనిమిది బిట్లు. ఇది మఱచిన విద్యార్థి లెక్క ఎనిమిదింతలు తప్పును. 500 గిగాబైట్లను సెకనుకు 10 మెగాబిట్ల తీగపై రప్పించుటకు 4,00,000 సెకనులు, అనగా నాలుగు దినముల పదునైదు గంటలు పట్టును. అదియే సెకనుకు 100 మెగాబైట్లు చదువు డిస్కు ప్రక్కనున్నచో 5,000 సెకనులు, గంటన్నర లోపల పని ముగియును. అయినను ప్రక్కనున్న డిస్కు నొక్కదానినే నమ్మరాదు. అగ్నియు, దొంగయు కంప్యూటరును డిస్కును గలిపియే హరింతురు. 2017 మే మాసమున లోకమంతట వ్యాపించిన వన్నాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేర్ ఫైళ్లకు తాళము వేసి, 300 డాలర్లు కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడెను. ఇట్టివి తగిలించియున్న డిస్కును గూడ విడువవు. కావున నకలైన పిమ్మట డిస్కును ఊడదీసి బీరువాలో నుంచుటయు, ఒక ప్రతిని వేఱు కట్టడమున నుంచుటయు ఖర్చులేని జాగ్రత్తలు.

పనితనమును కొలుచు విధము తిరిగి తెచ్చి చూచుటయే. 1998లో పిక్సార్ వారి టాయ్ స్టోరీ 2 చిత్రపు ఫైళ్లు ఒక పొరపాటు ఆజ్ఞచేత చెరిగిపోగా, నకళ్లు సరిగా లేవని అప్పుడు తెలిసెను. గాలిన్ సుస్మాన్ అను నామె పసిబిడ్డతో ఇంటనుండి పని చేసికొనుటకై తెచ్చుకొనిన ప్రతి వారిని గాచెను. గిట్‌ల్యాబ్ వారికి 2017 జనవరి 31న ఇంతకంటె విచిత్రము జరిగెను. డేటాబేసు చెరిగినపుడు చూడగా, వారు పెట్టుకొనిన ఐదు విధముల బ్యాకప్‌లలో నొక్కటియు సరిగా పనిచేయుట లేదు. వాటిలో నొకటి విఫలమగుచున్నదని చెప్పు ఉత్తరములు సైతము చేరుట లేదు. ఎవరో ఆఱు గంటల ముందు వేఱు పనికై తీసిన నకలొకటి దొరకెను గనుక ఆఱు గంటల వ్రాతలతో నష్టము తీఱెను. దీనిని దాచక లోకమునకు వివరించిన ఆ సంస్థ మెచ్చదగినది.

రెస్టిక్, బోర్గ్ మొదలగు ఉచిత సాధనములు బాగుగనే పనిచేయును. రెస్టిక్ ప్రతిదానిని గుప్తలిపిలోనే దాచును. సంకేతపదము మఱచినచో దాని కర్తలు సైతము తెఱవలేరు. దానిని కాగితముపై వ్రాసి ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచవలెను. ఏ సాఫ్ట్‌వేరైనను, నెలకొకసారి మూడు నెలల నాటి ఫైలు నొకదానిని వేఱొక కంప్యూటరులోనికి తెప్పించి, తెఱచి చూచి, పట్టిన నిమిషములను పుస్తకమున వ్రాసికొనవలెను.

అభ్యాసము: ఒక బడి కార్యాలయమున 60 గిగాబైట్ల ఫైళ్లు కలవు, దినమునకు 300 మెగాబైట్లు మాఱును. 250 గిగాబైట్ల డిస్కునందు దినమునకొక పూర్తి నకలు చొప్పున ఎన్ని దినములు దాచవచ్చును? మార్పులను మాత్రమే దాచినచో ఎన్ని దినములు? ఆ డిస్కునుండి 60 గిగాబైట్లను సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున తిరిగి తెచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టును?